పీతల పాట్ పోయింది అన్నారు కదా, ముందు పాటు ఎప్పుడో చూడండి

బ్రదర్, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి సియాటిల్ దగ్గరి ఎవరెట్ నుంచి బోటులో వెళ్ళి హ్యాట్ ఐలాండ్ దక్షిణం వైపు పీతలు పట్టే రెండు బోనులు, అంటే పాట్‌లు వేశారు. ఒకటి 45 అడుగుల లోతులో, ఇంకోటి 60 అడుగుల్లో. రెండిటికీ పెట్టెలో వచ్చిన 75 అడుగుల తాడే. సాయంత్రం ఆరున్నరకి వెళ్తే 45 అడుగులది వేసినచోటే ఉంది, నాలుగు పీతలు కూడా పడ్డాయి. రెండోది మాత్రం, పాట్ ఎక్కడుందో చూపిస్తూ నీటి మీద తేలే బోయ్‌తో సహా మాయం. దొంగతనమా, కంప్లైంట్ ఎక్కడివ్వాలి, వెతికితే దొరుకుతుందా, పోగొట్టుకున్నందుకు ఫైన్ వేస్తారా అని అడిగారు. కింద నలుగురు "దొంగలే, సియాటిల్ పాడైపోయింది" అని కామెంట్ పెట్టేశారు కూడా.

నాకైతే దొంగతనం అనిపించట్లేదు. నేను ఈ పీతల పిచ్చిలో పడి పదకొండు వేసవులు అయింది. ఇప్పటిదాకా తొమ్మిది పాట్‌లు పోగొట్టుకున్నాను, ఆరు దొరికాయి. ఆ తొమ్మిదిలో ఎవరో ఎత్తుకుపోయారని గట్టిగా చెప్పగలిగేది ఒక్కటే. మిగతా ఎనిమిదీ నా చేతులారా పోగొట్టుకున్నవి, ఆ ఎనిమిదిలో సగానికి పైగా తాడు చాలక పోయినవి. పైగా ఇక్కడ దొంగలు సాధారణంగా పాట్ జోలికి పోరు, పీతల జోలికి పోతారు. పాట్ వేసినచోటే ఉంటుంది, లోపల ఎర డబ్బా మూత మీరు పెట్టిన వైపు కాకుండా తిరగేసి ఉంటుంది, తలుపు కొక్కెం వేరే రంధ్రానికి తగిలించి ఉంటుంది. అప్పుడు అనుమానపడాలి. మొత్తం పాట్, తాడు, బోయ్ ఎత్తుకుపోతే దాని మీద మీ పేరుంటుంది, ఆ తలనొప్పి ఎవడికి కావాలి?

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. ఎండాకాలంలో, సియాటిల్ పక్కనున్న మన సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో నీరు బాగా లోతుగా దిగిపోయే పాటు పగటిపూట, మధ్యాహ్నం అటూఇటూగా వస్తుంది. మీరు వేసిన ఒంటిగంట సరిగ్గా అదే టైమ్. అంటే మీ ఫిష్ ఫైండర్ (లోతు చూపే పరికరం) చూపించిన 60 అడుగులు ఆ రోజు మొత్తంలో అతి తక్కువ లోతు. అక్కడి నుంచి సాయంత్రం దాకా పోటే, నీరు పెరుగుతూనే ఉంటుంది. ఈ నీళ్ళలో పోటుకి పాటుకి మధ్య పది పన్నెండు అడుగులు తేడా మామూలు విషయం, అమావాస్య పౌర్ణమి దగ్గర అంతకన్నా ఎక్కువ. అంటే ఆరున్నరకి అక్కడ లోతు 70, 72 అడుగులు. మీ తాడు 75, అందులో పాట్ దగ్గర ముడికి, బోయ్ దగ్గర ముడికి కలిపి మూడడుగులు పోయుంటాయి. మిగిలింది 72. తాడు నిటారుగా నిలబడితే బొటాబొటిగా అందుతుంది, కానీ నీరు నడుస్తున్నప్పుడు తాడు నిటారుగా ఉండదు కదా, ఏటవాలుగా వంగుతుంది. అంతే, బోయ్ నీళ్ళ కిందికి వెళ్ళిపోయింది. 45 అడుగుల దానికి తాడు మిగిలి ఉంది కాబట్టి అది తేలుతూ కనబడింది. మీరు దొంగని వెతుకుతున్న టైమ్‌లో ఆ బోయ్ మీ బోటు కిందే ఎక్కడో నాలుగైదు అడుగుల లోతులో ఉండి ఉంటుంది, నిజంగా.

మాది నరసాపురం దగ్గర. మా చిన్నప్పుడు కాలవలో చేపలకి మావులు వేసేవాళ్ళు కూడా పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అని చూడకుండా ఇంట్లోంచి కదిలేవాళ్ళు కాదు. ఇక్కడికొచ్చి చేతిలో ఫోన్‌లో అన్నీ ఉండి కూడా వాతావరణం చూస్తాం, ట్రాఫిక్ చూస్తాం, ఇదొక్కటే చూడం. నేనూ అంతే లెండి, మొదటి రెండేళ్ళు.

కాబట్టి రేపు చేయాల్సింది చెప్తాను. రేపు సోమవారం, మీ వైపు, ఫిషింగ్ రూల్స్‌లో 8-2 అనే ఏరియాలో వేసవి సీజన్ మామూలుగా గురువారం నుంచి సోమవారం దాకా ఉంటుంది, మంగళ బుధవారాలు క్లోజ్. (రూల్స్ ఏటా మారుతుంటాయి, రాష్ట్ర ప్రభుత్వ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ సైట్‌లో ఈ ఏడాదివి ఒకసారి చూసుకోండి.) క్లోజ్ రోజుల్లో నీళ్ళలో పాట్ ఉండకూడదు, కాబట్టి మీకు రేపొక్కరోజే సుఖంగా ఉన్న రోజు. పాటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అంటే రేపు దాదాపు రెండింటికి. పోటుపాట్ల టేబుల్‌లో ఎవరెట్ స్టేషన్ చూసి సరైన టైమ్ తీసుకోండి. దానికి ముప్పావుగంట ముందే అక్కడ ఉండండి. మీరు పాట్ వేసేటప్పుడు జీపీఎస్‌లో గుర్తు పెట్టారో లేదో రాయలేదు. పెట్టకపోతే ఫోన్‌లో ఆ టైమ్‌లో తీసిన ఫోటోలు చూడండి, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటోలోనే ఉంటుంది. నా మూడో పాట్ అలాగే దొరికింది, మా అమ్మాయి పాట్‌తో తీసుకున్న సెల్ఫీ వల్ల.

ఆ చోటికి వెళ్ళాక ఇంజిన్ ఆపేసి ఊరికే చూస్తూ కూర్చోండి. చాలామంది ఇదే చెయ్యరు, గుండ్రంగా తిరుగుతూనే ఉంటారు, అల లేపుతారు, ఆ అలలో అర అడుగు పైకి తేలిన బోయ్ కనబడదు. నీరు నిలిచిపోయే ఆ పావుగంట, ఇరవై నిమిషాలే మీకు అసలు టైమ్. పాటు పూర్తిగా దిగే నిమిషం, నీటి నడక ఆగే నిమిషం ఒకటే కానక్కర్లేదు, కొంచెం అటూఇటూ అవుతుంది, కాబట్టి దిగాక ఇంకో అరగంట కూడా ఉండండి. ఎండ మీ వెనక ఉండేలా చూసుకోండి. నీటి మీద మెరుపు ఉంటే ఎర్ర బోయ్ కూడా నల్లగానే కనబడుతుంది. నా అనుభవంలో తాడు పొట్టి అయి మునిగిన బోయ్‌లు ఇలాగే, ఏమీ చెయ్యకుండానే, మర్నాడు పాటుకి బుడుంగుమని పైకి తేలాయి. ఒకసారి మా ఆవిడ "అదిగో" అన్నప్పుడు నేను బోటు అటు చివర దిగులుగా పులిహోర తింటున్నాను.

కనబడలేదనుకోండి, రెండు అవకాశాలు. ఒకటి, పాట్ నడిచింది. నిజంగానే నడుస్తుంది. కొత్తగా కొనే మడత పాట్‌లు చాలా తేలిక, తాడు పొట్టిగా ఉండి బోయ్ పైకి లాగుతుంటే, పక్కనుంచి నీరు తోస్తుంటే, అడుగున కొంచెం కొంచెంగా గెంతుకుంటూ పోతుంది. హ్యాట్ ఐలాండ్ చుట్టూ గట్టు దాటితే లోతు వందల అడుగుల్లోకి జారిపోతుంది, గట్టు అంచుకి వచ్చిందంటే ఇంక లోయలోకే. అందుకే 60 అడుగుల్లో వేసిన పాట్ 60 అడుగుల్లోనే ఉంటుందనుకోకండి. మొత్తం మీద ఆ వైపు పోటు నీరు ఉత్తరానికి, పాటు నీరు దక్షిణానికి నడుస్తుంది, ద్వీపం దగ్గర సుడి తిరుగుతుంది కానీ వెతకడం మాత్రం ఆ గీత మీదే మొదలుపెట్టండి. మీ గుర్తు దగ్గర మొదలుపెట్టి ఉత్తరానికి రెండు మూడు వందల గజాలు, తర్వాత దక్షిణానికి. పక్కలకి తర్వాత చూడొచ్చు. ఫిష్ ఫైండర్‌లో సైడ్ ఇమేజింగ్ (పక్కల అడుగుని చూపేది) ఉంటే మెత్తటి ఇసుక నేల మీద పాట్ ఒక చిన్న గట్టి చుక్కలా, దాని పక్కన నీడలా కనబడుతుంది. రాళ్ళ మీద అయితే ఆశ వదులుకోవచ్చు.

రెండో అవకాశం, తాడు తెగింది. మీ పెట్టెలో వచ్చిన తాడు పసుపో నీలమో రంగులో, గట్టిగా, ప్లాస్టిక్‌లా ఉంటుంది కదా, అది తేలే తాడు. పాటు టైమ్‌లో మిగిలిన పదిహేను అడుగులు నీటి పైన పాములా పడుకుంటుంది, అటుగా వచ్చిన ఏ బోటు ప్రొపెల్లరైనా దాన్ని కత్తిరించేస్తుంది. వాడికి తెలియను కూడా తెలియదు. ఇక్కడ రూల్ కూడా అదే, తాడు నీటి మీద తేలకూడదు, బరువుతో కిందికి దిగి ఉండాలి. తాడు తెగితే బోయ్ ఒక దారిన, పాట్ ఒక దారిన. పాట్ మాత్రం వేసినచోటే ఉంటుంది, పైన యాభై అడుగుల తాడు తేలుతూనో పడుకునో ఉంటుంది. దీనికి కొక్కెం కావాలి.

కొక్కెం అంటే నాలుగు కొమ్ముల చిన్న లంగరు, కాయక్‌లకి అమ్ముతారు చూడండి, మడతపెట్టేది, మూడు నాలుగు పౌండ్లది. దానికి ముందు రెండు మూడు అడుగుల గొలుసు, గొలుసుకి 150 అడుగుల తాడు. గొలుసు లేకపోతే కొక్కెం నేలకి ఆనదు, గాల్లో గాలిపటంలా పోతుంది. తాడు ఏ వైపు పడుకుని ఉంటుందో ఊహించి (నీరు నడిచే వైపు) దానికి అడ్డంగా లాగాలి. ఇదే అందరూ తప్పు చేసేది. తాడు పడుకున్న దిక్కులోనే లాగితే దాని పక్కనుంచి వందసార్లు పోయినా తగలదు. ఇంజిన్ ఆన్ చేసినా గేర్‌లో సగం సేపు, న్యూట్రల్‌లో సగం సేపు, మనిషి నడిచేంత నిదానంగా. ఇరవై అడుగులు పక్కకి జరిగి మళ్ళీ. ఒడ్డుకి దగ్గరగా నీటిగడ్డి ఉండేచోట మాత్రం ఈ పని చెయ్యకండి, ఆ గడ్డి పీత పిల్లల ఇల్లు, దున్నేసినట్టు అవుతుంది. మీది 60 అడుగులు కాబట్టి ఆ బాధ లేదు.

ఇక్కడ ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. కొక్కెం తాడుని బోటు వెనక తాడు కట్టే క్లీట్‌కి కట్టి ఇంజిన్‌తో లాగకండి. అడుగున అది పాట్ కాకుండా మునిగిన దుంగకి తగిలితే (స్నోహోమిష్ నది ఎన్ని దుంగలు తెచ్చి పోస్తుందో మీరే చూసుంటారు) బోటు వెనక భాగం కిందికి వంగుతుంది, ఒక్క అల లోపలికొస్తే చాలు. తాడు చేత్తోనే పట్టుకోండి, చేతికి చుట్టుకోకుండా. తగిలింది అనిపించగానే న్యూట్రల్. ముందు వైపు నుంచి, నిటారుగా పైన నిలబడి, నిదానంగా లాగండి. రాకపోతే వదిలేయండి, కొక్కెం ఖరీదు ఇరవై ముప్పై డాలర్లు. లైఫ్ జాకెట్ వేసుకునే ఉండండి, సీటు కింద పెట్టుకోవడం కాదు. ఆగస్టులో కూడా ఆ నీరు యాభైల ఫారెన్‌హీట్‌లోనే ఉంటుంది. ఈత వచ్చు అంటారు మనవాళ్ళు, కాకినాడలో ఈత వేరు, అంత చల్లటి నీళ్ళలో పడగానే ఊపిరి ఎగబీల్చి నీళ్ళు మింగేస్తారు, ఈత సంగతి తర్వాత.

అసలు ఏ వెతుకులాటా లేకుండా పాట్ వెనక్కి వచ్చే దారి ఒకటుంది, అది బోయ్ మీద రాత. పేరు, అడ్రస్ రాయడం రూల్. ఫోన్ నంబర్ రాయాలని రూల్ లేదు, కానీ రాయండి, అదే పనికొస్తుంది. మార్కర్‌తో రాస్తే రెండు వారాల్లో ఉప్పునీరు తినేస్తుంది. నేను వేడి చేసిన మేకుతో ఫోమ్ మీద అక్షరాలు కాల్చి, ఆ గాడిలో మార్కర్‌తో దిద్దుతాను. అయిదేళ్ళ కింద నా బోయ్ ఒకటి విడ్బీ ఐలాండ్ ఒడ్డుకి కొట్టుకుపోతే ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. నా పేరు పలకలేక "బోయ్ మీద చాలా అక్షరాలున్న పేరు, అది నువ్వేనా?" అన్నాడు. మకిల్టియో నుంచి ఫెర్రీ ఎక్కి క్లింటన్‌లో దిగి తెచ్చుకున్నాను, ఫెర్రీ టికెట్ బోయ్ కన్నా ఎక్కువే అయింది. కానీ ఆ బోయ్‌కి వేలాడుతున్న తాడు చివర చూస్తే నున్నగా, కత్తితో కోసినట్టు ఉంది. ప్రొపెల్లర్ పని. అంటే పాట్ వేసినచోటే ఉందని అర్థం, మర్నాడు కొక్కెంతో నాలుగో ప్రయత్నంలోనే దొరికింది. తాడు చివర చీలికలు చీలికలుగా, జుట్టులా ఉందనుకోండి, రాయికి రాసుకుని తెగిందని అర్థం. ముడి జారిపోయి చివర వంకరగా ఉంటే, అది మనమే. ఆ తేలే ప్లాస్టిక్ తాడుకి మామూలు ముడి నిలవదు, జారుతుంది.

ఫైన్ గురించి. పాట్ పోయిందని మీరే చెప్తే ఫైన్ వెయ్యరు. పోయిన పాట్‌ల గురించి రిపోర్ట్ చెయ్యమని ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంటే అడుగుతుంది, నార్త్‌వెస్ట్ స్ట్రెయిట్స్ ఫౌండేషన్ అని ఒక సంస్థ ఉంది, వాళ్ళూ తీసుకుంటారు. ఆ సంస్థ వాళ్ళు సోనార్‌తో అడుగుని స్కాన్ చేసి, డైవర్లని దింపి ఇలాంటివి తీయిస్తుంటారు. మీ జీపీఎస్ పాయింట్, లోతు, తేదీ, బోయ్ మీద ఏముందో చెప్తే చాలు. రేపు దొరక్కపోతే రేపు సాయంత్రమే చెయ్యండి. మంగళ బుధవారాల్లో మీరే వెళ్ళి వెతకాలనుకుంటే ముందు ఫోన్ చేసి అడిగి వెళ్ళండి, క్లోజ్ రోజున పాట్ లాగుతూ ఆఫీసర్ కంటపడి "వెతుకుతున్నాను సార్" అంటే వినేవాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి. రాత్రిపూట కూడా అంతే, సూర్యాస్తమయం తర్వాత గంట నుంచి సూర్యోదయానికి గంట ముందు దాకా బోటులోంచి పాట్ వెయ్యడం, తియ్యడం కుదరదు.

ప్యూజెట్ సౌండ్‌లో ఏడాదికి సుమారు 12,000 పాట్‌లు ఇలా పోతున్నాయని అంచనా. అవి చంపే పీతలు లక్షా డెబ్బై ఎనభై వేలు. ఈ అంకెలు మొదటిసారి విన్నప్పుడు నాకు అంతగా ఎక్కలేదు. పోయింది డెబ్బై డాలర్ల పాట్ అనే అనుకునేవాణ్ణి. ఎక్కింది ఎప్పుడంటే చెప్తాను.

నాకు రెండో ఏడు అది. పాట్ మూతకి కట్టే నూలు తాడు తెగిపోయింది, బోటు బయల్దేరబోతోంది, టూల్ బాక్స్‌లో నైలాన్ దారం ఉంటే దాంతో కట్టేశాను. ఏమవుతుందిలే ఒక్కరోజుకి అని. సరిగ్గా ఆ పాట్ పోయింది. ఐదు వారాల తర్వాత అదే చోట స్నేహితుడి కొక్కెంకి తగిలింది. పైకి రాగానే మొదట వాసన. ఎర డబ్బా ఖాళీ, తోమినట్టు ఉంది. మొత్తం పదకొండు. అందులో నాలుగు ఉత్త డొల్లలు, డిప్ప పైకెత్తితే లోపల ఏమీ లేదు, మిగతావి తినేశాయి. బతికున్న వాటిలో ఒకదానికి ఒక పక్క కాళ్ళే లేవు. అన్నిటికన్నా పెద్దది, ఏడు అంగుళాలు ఉంటుందేమో, చేతిలోకి తీసుకుంటే బరువే లేదు, కొబ్బరి చిప్పలా ఉంది. అంటే ఏం జరుగుతుందంటే, నా చికెన్ అయిపోయాక లోపల చచ్చిన పీతే ఎర అవుతుంది, దాని వాసనకి ఇంకోటి వస్తుంది, అదీ చస్తుంది, ఇంకోటి. ఆపేవాడు లేడు. ఆ మూత నైలాన్ దారం మాత్రం కట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, కొత్త దానిలా.

నూలు తాడు ఉంటే అది కుళ్ళి తెగిపోయేది, మూత తెరుచుకునేది, పీతలు వెళ్ళిపోయేవి. రూల్‌లో ఉన్నది అందుకే: శుద్ధ నూలు, జనపనార లాంటి సహజమైన తాడే వాడాలి, మందం ఎనిమిదో వంతు అంగుళం దాటకూడదు, అది తెగితే మూతైనా తలుపైనా తెరుచుకోవాలి. దీంట్లో ఒక మెలిక ఉంది. నూలు తాడు కట్టడం ఒక్కటే చాలదు, ఎక్కడ కట్టామన్నది చూడాలి. కొన్ని పాట్‌లకి నూలు తెగినా మూత దాని బరువుకి అలాగే మూసుకుని ఉంటుంది, పీత తోసినా రాదు. నేను చేసేది ఇది: మూత కొక్కెం, దాన్ని లాగే రబ్బరు బ్యాండు మధ్య నూలు తాడు ఒక చిన్న ఉచ్చులా కడతాను, ఆ ఉచ్చు తెగితే రబ్బరు వదిలేస్తుంది. ఇంటి దగ్గరే పరీక్ష చెయ్యండి. గ్యారేజ్‌లో పాట్ పెట్టి, నూలుని కత్తెరతో కత్తిరించి, వేలితో లోపలినుంచి తోసి చూడండి. వేలికి రానిది పీతకీ రాదు. ఆ నూలు ఏడాదికోసారి మార్చండి, అర డాలర్ పని.

పాట్‌కి పై సగంలో 4.25 అంగుళాల రింగులు రెండు ఉండాలి, కొత్త వాటికి ఉంటాయి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవైతే చూసుకోండి. పిల్ల పీతలు దాంట్లోంచి పోతాయి.

ఇక వచ్చే వారానికి సరుకు. తాడు ఒక్కటి మార్చండి చాలు, మిగతాది నిదానంగా. లోపల సీసం ఉన్న మునిగే తాడు 100 అడుగులవి రెండు కొనండి. పోటు మీద ఉండే లోతుకి మూడో వంతు కలపడం లెక్క: మీ 60 అడుగులు పోటు మీద 72 అవుతాయి, దానికి 24 కలిపితే 96. ఎక్కువ తాడు ఉంటే మంచిదే కదా అని 45 అడుగుల్లో 150 అడుగుల తాడు వెయ్యకండి, పక్కవాడి తాడుతో జడ అల్లుకుంటుంది. నేను తాడుకి ప్రతి 25 అడుగులకీ రంగు టేప్ చుడతాను, ఎంత వదిలానో తెలుస్తుంది. పాట్‌కి అడుగున పది పౌండ్ల బరువు, ఇంటి పని మిగిలిన ఇనుప కడ్డీ ముక్కలు జిప్ టైలతో కట్టండి, బయట అమ్మే బరువుల కన్నా అదే బాగుంటుంది. బోయ్ సగం ఎరుపు సగం తెలుపుదే, కానీ పెద్దది తీసుకోండి లేదా రెండు కట్టండి. చిన్న బోయ్‌ని నీరు ఇట్టే లాగేస్తుంది, పైగా నీళ్ళలో కొట్టుకొచ్చే నాచు తాడుకి చుట్టుకుంటే ఇంకా కిందికి. బోయ్‌కి తాడు కట్టేచోట చవక క్లిప్పులు వద్దు, ఉప్పుకి రెండు నెలల్లో తుప్పు. బౌలైన్ ముడి నేర్చుకోండి, యూట్యూబ్‌లో అయిదు నిమిషాలు.

డిసెప్షన్ పాస్ అనే ఇరుకు జలసంధి వైపు వెళ్ళాలని ఇంకో పోస్ట్‌లో రాశారు. అక్కడ నీటి వేగం 8 నాట్ల దాకా పోతుంది, మొదటి ఏడాది వద్దు. మకిల్టియో-క్లింటన్ ఫెర్రీ దారిలో కూడా వెయ్యకండి. పాట్ పోవడం ఒక్కటే కాదు, ఆ తాడు ఫెర్రీ ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే జనం రేవులో నిలబడిపోతారు, ఫెర్రీ వాళ్ళు దీని గురించి హెచ్చరిస్తూనే ఉంటారు.

వెతికేటప్పుడు ఇంకొకరి బోయ్ దగ్గర మీ తాడు చిక్కుకుని కనబడొచ్చు. విప్పండి, ఎంతసేపైనా సరే, కత్తి తియ్యకండి. ఇంకొకరి పాట్ పైకి లాగి "మాదేమో అని చూశాను" అనే మాట ఇక్కడ చెల్లదు, ఇతరుల పాట్ లాగడమే నేరం. పాతబడి, నాచు పట్టి, ఎవరూ పట్టించుకోని పాట్ కనబడినా పాయింట్ రాసుకుని రిపోర్ట్ చెయ్యండి, ఇంటికి తెచ్చుకోకండి. ఇక్కడి ఆదివాసీ తెగల, ట్రైబ్ వాళ్ళ పాట్‌లు కూడా ఉంటాయి ఆ నీళ్ళలో, కోర్టు తీర్పు ప్రకారం సగం వాటా వాళ్ళది, వాళ్ళ రోజులు మన రోజులు వేరు. మంగళవారం ఎవరో పాట్ లాగుతుంటే దొంగ అని వాట్సాప్ గ్రూప్‌లో వీడియో పెట్టే ముందు అది గుర్తుంచుకోండి, మన గ్రూప్‌లోనే జరిగింది ఇది.

రేపు పాట్ దొరికి లోపల పీతలుంటే, ఒక్కరోజే కాబట్టి బాగానే ఉంటాయి. మగవి, గట్టి డిప్పవి, డిప్ప వెడల్పు 6.25 అంగుళాలకి తగ్గనివి మీ రోజు లెక్క అయిదులోకి వస్తాయి, పడవలో పెట్టుకున్న వెంటనే పీతల లెక్క రాసే కార్డులో రాయాలి. వారాల తర్వాత దొరికిన పాట్‌లో పీతల్ని మాత్రం వదిలేయండి, మాంసం ఉండదు, ఇగురు పెడితే నీళ్ళే.

అన్నట్టు పీతల్ని కొలిచే గేజ్ పోయిందని కూడా చివర్లో రాశారు. దానికి వెతుకులాట లేదు, అది పోయింది. కొత్తదానికి రంధ్రం చేసి దారంతో బకెట్ పిడికి కట్టేయండి. కార్ తాళంచెవికి నీళ్ళలో తేలే ఫోమ్ బిళ్ళ ఒకటి తగిలించండి, మా బావమరిది టెస్లా కార్డు ఇప్పటికీ ఎవరెట్ బోట్ ర్యాంప్ కిందే ఉంది.

కొక్కెం రేపటికి కొనే టైమ్ మీకు లేదు. నాది లిన్‌వుడ్‌లో గ్యారేజ్‌లో ఉంది, మెసేజ్ పెట్టండి, పొద్దున పదిలోపు వచ్చి తీసుకెళ్ళొచ్చు. తాడు చివర ఒక చిన్న నారింజ రంగు బోయ్ కట్టి ఉంటుంది, అడ్డంగా ఉందని అది విప్పకండి. ఇది నా మూడో కొక్కెం.